కాఫీ మగ్గు మీది సైనికులు: ఛాయాచిత్రాన్ని చరిత్ర ఆధారంగా చదవడం

ఇంతకుముందు పాఠ్యభాగాల్లో శాసనాలు, నాణేలు, ఫర్మానాలు, రెవెన్యూ దస్త్రాలు చరిత్ర రచనకు ఎలా ఉపయోగపడతాయో చదివారు. ఈ భాగంలో మనం తీసుకునే ఆధారం ఒక తెల్లటి పింగాణీ కాఫీ మగ్గు. దాని మీద మొదటి ప్రపంచ యుద్ధకాలపు నలుపు తెలుపు ఫోటో ఉంది. తలపాగాలు చుట్టుకుని గుర్రాల మీద బారులు తీరిన సైనికులు. కింద చిన్న అక్షరాల్లో ‘దక్కన్ హార్స్, 1916’ అని ఉంది. ఇలాంటి మగ్గులను విదేశీ చిత్ర సంస్థలు ఇంటర్నెట్‌లో అమ్ముతున్నాయి. అంత దూరం వెళ్లనక్కరలేదు. ఫోన్‌లో బొమ్మ ఉంటే నిజామాబాదులో గానీ బోధన్‌లో గానీ మగ్గుల మీద ఫోటోలు వేసే ఏ స్టూడియోలోనైనా చేయించుకోవచ్చు.

‘దక్కన్’ అన్న మాట చూడగానే మీలో చాలామందికి వీళ్లు మన వాళ్లే కదా అనిపిస్తుంది. ఈ పాఠమంతా ఆ అనుమానం చుట్టూనే తిరుగుతుంది. మన వాళ్లే అనడానికి ఏ ఆధారం ఉంది? కాదనడానికి ఏ ఆధారం ఉంది? ఫోటో దీనికి ఎంతవరకు జవాబు చెప్పగలదు?

మగ్గు మీదికి బొమ్మ వచ్చే దారి

ముందు వస్తువును చూడండి. మగ్గు మీది బొమ్మ పింగాణీ మీద నేరుగా అచ్చు వేసింది కాదు. మగ్గుకు బయట పలచని పాలిమర్ పూత ఉంటుంది. ప్రత్యేకమైన సిరాతో కాగితం మీద బొమ్మను అద్దంలో కనిపించినట్లు తిరగేసి ముద్రిస్తారు. ఆ కాగితాన్ని మగ్గుకు చుట్టి, యంత్రంలో పెట్టి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని నిమిషాలు నొక్కి ఉంచుతారు. వేడికి సిరా ఆవిరై పూతలోకి ఇంకుతుంది. కాగితం తీసేస్తే బొమ్మ సరైన వైపు తిరిగి కనిపిస్తుంది.

ఇందులో చరిత్ర విద్యార్థి పట్టించుకోవలసిన విషయాలు రెండున్నాయి. మొదటిది, కాగితం మీద బొమ్మను తిరగేయడం మరచిపోతే మగ్గు మీద కుడి ఎడమలు తారుమారవుతాయి. అక్షరాలు ఉంటే తప్పు వెంటనే తెలిసిపోతుంది. అక్షరాలు లేని పాత యుద్ధచిత్రంలో తెలియదు. కత్తి ఏ పక్కన వేలాడుతోంది, చొక్కా బొత్తాలు ఏ వైపు మూసి ఉన్నాయి అని వెతికి పట్టుకోవలసి వస్తుంది. రెండవది ఇంకా ముఖ్యం. మామూలు మగ్గు చుట్టూ అచ్చుకు దొరికే చోటు పొడవు సుమారు 20 సెంటీమీటర్లు, ఎత్తు 9 సెంటీమీటర్లు. అంటే ఎత్తుకు రెండింతలకు మించిన పొడవు. ఆనాటి గాజు పలకల మీద తీసిన ఫోటోలు అంత సన్నగా, పొడవుగా ఉండవు. కాబట్టి ఫోటోతో మగ్గును పూర్తిగా చుట్టాలంటే పైనా కిందా కోసెయ్యాలి. ఆకాశం పోతుంది, నేల పోతుంది. నేల పోయిందంటే అది ఏ దేశపు నేలో, బురదో గడ్డో తెలిపే ఆనవాలు పోయినట్లే. ఫోటో అట్ట వెనుక రాసి ఉన్న తేదీ, స్థలం, తీసినవారి పేరు మగ్గు దాకా రానే రావు.

పాత తాళపత్ర గ్రంథానికి ప్రతి రాసుకునేటప్పుడు లేఖకుడు ఒక పంక్తి వదిలేస్తే తరువాతి ప్రతులన్నింటిలో ఆ పంక్తి ఉండదు. ఫోటోకూ అదే జరుగుతుంది. మీ చేతిలోని మగ్గు ఎన్నో ప్రతి అన్నది మొదటి ప్రశ్న.

1916 జూలై 14, సాయంత్రం

ఇప్పుడు మూలచిత్రం దగ్గరికి వెళదాం. ఈ ఫోటో ఫ్రాన్స్ ఉత్తర భాగంలో, సోమ్ నది పరిసరాల్లో, కార్నోయ్ లోయలో తీసినది. తేదీ 1916 జూలై 14. చిత్రంలో ఉన్నది బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 20వ దక్కన్ హార్స్ అశ్వదళం. ఆ దళం ఏ బ్రిగేడుకు చెందిందో తెలిస్తే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. దాని పేరు సికింద్రాబాద్ అశ్వదళ బ్రిగేడ్. నిజామాబాదు నుంచి రైలెక్కితే కొన్ని గంటల్లో చేరే ఊరి పేరు పెట్టుకున్న బ్రిగేడు, ఫ్రాన్స్ గోధుమ చేలలో ఏం చేస్తోంది?

ఆ రోజు తెల్లవారుజామున బ్రిటిష్ పదాతిదళాలు బజాంతాఁ గుట్ట మీద జర్మన్ కందకాలను పట్టుకున్నాయి. ఆ పైన ‘హై వుడ్’ అని సైనికులు పిలిచిన అడవి ఉంది. దారి తెరుచుకుందని, అశ్వదళాన్ని పంపితే శత్రువును చెదరగొట్టవచ్చని సేనానులు ఆశించారు. గుర్రాలు గుంతలు పడిన నేల మీదుగా ముందుకు చేరేసరికి పొద్దు వాలింది. సాయంత్రం 7 గంటల ప్రాంతంలో 20వ దక్కన్ హార్స్, బ్రిటిష్ వారి 7వ డ్రగూన్ గార్డ్స్ కలిసి చేల మీదుగా దూకాయి. పైరులో దాగిన జర్మన్ సైనికులను బల్లేలతో పొడిచారు, కొందరిని బందీలుగా పట్టుకున్నారు. మరునాడు తెల్లవారకముందే వెనక్కి పిలిపించారు. ఆ అడవి బ్రిటిష్ వారికి చిక్కడానికి ఇంకా రెండు నెలలు, సెప్టెంబరు 15 దాకా, పట్టింది. యుద్ధచరిత్రలో తొలిసారిగా ట్యాంకులు రంగంలోకి దిగిన రోజు కూడా అదే. (దక్కన్ హార్స్ నేటి భారత సైన్యంలో ట్యాంకుల రెజిమెంటు. 1965లో ఖేమ్‌కరన్ ప్రాంతపు ట్యాంకు పోరులో అది పాల్గొంది.)

ఇంత జరిగినా మగ్గు మీది చిత్రంలో ఇవేవీ లేవు. ఎందుకంటే అది దాడికి ముందు తీసిన చిత్రం. బురద అంటని గుర్రాలు, గాయపడని మనుషులు. బ్రిటిష్ ప్రభుత్వం పశ్చిమ రణరంగానికి అధికారిక ఫోటోగ్రాఫర్‌ను పంపడం మొదలుపెట్టింది ఆ 1916లోనే. వారు తీసిన ప్రతి చిత్రం సైనిక సెన్సారు చేతి మీదుగా వెళ్లేది. ఇంట్లో పత్రిక తిరగేసే వారికి ధైర్యం కలిగించే బొమ్మలు కావాలి. బారులు తీరిన బల్లేలు అందుకు సరిగ్గా సరిపోయాయి. మర తుపాకులు, ఇనుప ముళ్ల కంచెలు రాజ్యమేలిన యుద్ధంలో గుర్రపు దళాలు ఎక్కువ కాలం రణరంగం వెనుకే వేచి ఉన్నాయన్న సంగతి ఆ బొమ్మను చూస్తే తోచదు. చిత్రం అబద్ధం కాదు. ఆ క్షణం నిజంగానే ఉంది. కానీ ఎన్నో క్షణాల్లోంచి దాన్ని ఏరినవారు ఉన్నారు, వారికి ఒక పని ఉంది.

‘దక్కన్’ అన్న పేరు వెనుక ఒక అప్పు

ఇప్పుడు పేరుకు వద్దాం. ఈ పాఠంలో అసలు కథ ఇదే అని నా అభిప్రాయం.

దక్కన్ హార్స్ మూలాలు హైదరాబాద్ కాంటింజెంట్‌లో ఉన్నాయి. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ అధికారుల కింద నడిచిన సైన్యం అది. జీతాలు ఇచ్చేది నిజాం, ఆజ్ఞలు ఇచ్చేది రెసిడెంటు. జీతాలు బాకీ పడ్డకొద్దీ కంపెనీ అప్పు ఇచ్చింది, అప్పు పెరిగింది. 1853లో డల్‌హౌసీ కాలంలో జరిగిన ఒప్పందం ప్రకారం ఆ సైన్యం ఖర్చు కింద నిజాం బేరార్‌ను, ధారాశివ్‌ను (తరువాతి ఉస్మానాబాద్), రాయచూరు అంతర్వేదిని బ్రిటిష్ వారికి అప్పగించవలసి వచ్చింది. చివరి రెండూ 1860లో తిరిగి వచ్చాయి. పత్తి పండే బేరార్ రాలేదు. దివాను మొదటి సాలార్‌జంగ్ జీవితమంతా దాన్ని తిరిగి రాబట్టాలని పాటుపడి, రాబట్టకుండానే 1883లో కన్నుమూశాడు. 1902లో కర్జన్ ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేత బేరార్‌ను ఏటా 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుకు రాయించుకున్నాడు. మరుసటి ఏడాది కాంటింజెంట్ భారత సైన్యంలో కలిసిపోయింది. ఆ కలయికలోనే దాని మొదటి లాన్సర్స్ దళం ‘20వ దక్కన్ హార్స్’ అయింది.

మగ్గు మీద రెండు మాటల్లో ఉన్న పేరు వెనుక యాభై ఏళ్ల కౌలు వ్యవహారం ఉందన్నమాట. పొలం తాకట్టు పెట్టి, వడ్డీ కట్టలేక పొలం పోగొట్టుకున్న రైతు కథ బోధన్ ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు. ఇక్కడ తాకట్టు పెట్టింది రాజు, పోయింది ఒక సుబా.

మరి గుర్రాల మీద ఉన్నవారు ఎవరు? ఆ దళంలో సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు ఉండేవారు. దక్కనీ ముస్లింలు ఈ నేల బిడ్డలే. సిక్కులు, జాట్లు ఉత్తరాది నుంచి వచ్చినవారు. తెలుగు రైతు కుటుంబాల నుంచి చేరినవారిని ఈ దళంలో వెతకడం వృథా. దానికి కారణం ధైర్యం కొరవడటం కాదు, ఆనాటి సైనిక నియామక విధానం.

ఈ విధానం ఎంత విచిత్రమైనదో ఒక మాట చరిత్ర చెబుతుంది. 18వ శతాబ్దంలో కంపెనీ సైన్యంలో తెలుగు సిపాయిలు ఎక్కువగా ఉండేవారు. వారు బెంగాల్ వైపు వెళ్లినప్పుడు అక్కడివారు వారిని ‘తిలంగాలు’ అన్నారు, అంటే తెలుగు దేశం వారు. క్రమంగా ఉత్తర భారతమంతటా తిలంగా అంటే సిపాయి అనే అర్థమే స్థిరపడింది. 1857 తిరుగుబాటు కాలంలో ఢిల్లీలో అవధీ సిపాయిలను కూడా తిలంగాలనే పిలిచారు. మన ప్రాంతం పేరు ఒక వృత్తికి పేరైంది. ఆ తరువాత పాతికేళ్లకే దాక్షిణాత్యులు యుద్ధానికి పనికిరారని, కొన్ని జాతులే పుట్టుకతో వీరజాతులని సిద్ధాంతం బయలుదేరింది. 1880లలో మద్రాసు సైన్యాధిపతిగా పనిచేసి, తరువాత భారత సైన్యాధిపతి అయిన రాబర్ట్స్ దాన్ని గట్టిగా నమ్మాడు. తెలుగు పటాలాలు తగ్గిపోయాయి. అయినా పూర్తిగా తుడిచిపెట్టుకుపోలేదు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపి ‘మిలిటరీ మాధవరం’ అన్న పేరు తెచ్చుకుంది.

పేరును చూసి మనిషిని ఊహించడం ఎంత ప్రమాదమో మరో ఉదాహరణ చూడండి. రెండవ ప్రపంచ యుద్ధంలో మలయాలో పోరాడిన 4/19 హైదరాబాద్ అనే పటాలం ఉంది. 19వ హైదరాబాద్ రెజిమెంటులో ప్రధానంగా కుమావూనీలు, ఆహీర్లు, జాట్లు. పేరుకూ మనుషులకూ పొంతన లేదని 1945లో దాన్ని కుమావూన్ రెజిమెంటుగా మార్చారు. అదే మలయాలో, 1941 డిసెంబరులో, కోట బారు విమానాశ్రయం కాపలాకు ఉన్న 1వ హైదరాబాద్ పదాతిదళం మాత్రం వేరు. అది నిజాం సొంత సైన్యం నుంచి వెళ్లింది. ‘హైదరాబాద్ సైనికులు, మలయా’ అని రాసి ఉన్న ఫోటో దొరికితే ఈ రెండింటిలో ఏది అని అడగకుండా ముందుకు పోకండి.

ఫోటోలో లేని ఇందూరు

అయితే ఇందూరు జిల్లాకు ఆ యుద్ధాలతో సంబంధమే లేదా? ఉంది. అది సైనికుల ముఖాల్లో దొరకదు, ఖజానా లెక్కల్లో దొరుకుతుంది.

మొదటి యుద్ధంలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటిష్ వారికి భారీగా ధనసహాయం చేశాడు. నిజాం సొంత ‘హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్’ సూయజ్‌లో, పాలస్తీనాలో పనిచేసింది. ఢిల్లీలో తీన్‌మూర్తి కూడలిలో 1922లో నిలిపిన మూడు కంచు విగ్రహాల్లో ఒకటి వారి జ్ఞాపకార్థమే. మిగిలిన రెండూ జోధ్‌పూర్, మైసూరు దళాలవి. 1918లో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్ నిజాం సొమ్ముతో కొన్న విమానాలతో ఫ్రాన్స్ వెళ్లింది. ఆ విమానాల మీద దాత పేరు రాసి ఉండేది. రెండవ యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కు ‘హైదరాబాద్’ పేరు, నిజాం తలపాగా గుర్తు వచ్చాయి. మొదటి యుద్ధం ముగిసే ఏడాది నిజాంకు ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’ బిరుదు దక్కింది.

సంస్థాన రాబడిలో భూమిశిస్తుది పెద్ద వాటా. శిస్తు కట్టింది రైతులు. విమానం మీద దాత పేరు ఒక్కటే ఉంది. మీరు రెవెన్యూ దస్త్రాల పాఠంలో చదివిన జమాబందీ పట్టికలను ఈ విమానం ఫోటో పక్కన పెట్టి చూడండి. ఒక ఆధారం దాచినదాన్ని మరో ఆధారం చూపిస్తుంది.

రెండు యుద్ధాల మధ్య కాలంలో ఈ ప్రాంతం రూపు మారింది. మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. కాలువలు వచ్చాక చెరుకు వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ నెలకొంది. ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. రెండవ ప్రపంచ యుద్ధం ఇక్కడికి తుపాకీ రూపంలో రాలేదు. కరువు రోజుల ధరల రూపంలో, చక్కెర మీద నియంత్రణ రూపంలో, పండిన ధాన్యంలో ఇంతని ప్రభుత్వానికి కొలవాలన్న లెవీ రూపంలో వచ్చింది. లెవీ గింజలు కొలిచే రైతు కూడా యుద్ధకాలపు మనిషే. కానీ ‘యుద్ధకాలపు ఫోటో’ అని వెతికితే అతడు కనిపించడు. మగ్గు మీద వేసుకోవడానికి అతడిలో ఠీవి లేదనుకుంటారు కాబోలు.

1948: రెండు ఫోటోలు, ఒక పొరపాటు

చివరగా మనకు ఇంకా దగ్గరి కాలపు చిత్రం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. సైనిక భాషలో అది ‘ఆపరేషన్ పోలో’, ప్రభుత్వ భాషలో ‘పోలీసు చర్య’. 17వ తేదీ సాయంత్రం నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. మరునాడు సికింద్రాబాద్‌లో నిజాం సైన్యాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్, భారత సేనకు నాయకత్వం వహించిన మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయాడు. ఆ ఇద్దరు సైనికాధికారుల ఫోటో ప్రసిద్ధమైనది.

మరో ఫోటో దీనికంటే ఎక్కువ తిరుగుతుంది. అందులో నిజాం బేగంపేట విమానాశ్రయంలో సర్దార్ పటేల్‌కు నమస్కరిస్తున్నాడు. ప్రతి సెప్టెంబరు 17కూ దీన్ని ‘నిజాం లొంగిపోయిన దృశ్యం’ అంటూ పంచుకుంటారు, ఫ్లెక్సీల మీద వేస్తారు. అది 1949 ఫిబ్రవరిలో పటేల్ హైదరాబాద్ వచ్చినప్పటి స్వాగతచిత్రం. లొంగుబాటు జరిగిన అయిదు నెలల తరువాతిది. లొంగిపోయింది సైన్యాధిపతి, ఎదుట ఉన్నది సైన్యాధికారి, చోటు సికింద్రాబాద్. తేదీ ఒక్కటి తీసేస్తే స్వాగతం కాస్తా లొంగుబాటుగా మారిపోయింది. తరువాత 1950 జనవరి 26 నుంచి అదే నిజాం హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నాడన్న సంగతి కూడా ఆ తప్పు వ్యాఖ్య చదివినవారికి మింగుడుపడదు.

విమోచనమా, విలీనమా, ఆక్రమణా అన్న వాదాల్లో మీరు ఏ వైపైనా ఉండవచ్చు. పరీక్ష రాసేటప్పుడు కూడా ఆ స్వేచ్ఛ మీకుంది. తేదీ విషయంలో మాత్రం లేదు.

ఆ అయిదు రోజుల చిత్రాలకు బయట ఉన్నవి కూడా గుర్తు పెట్టుకోండి. అంతకు ముందు నెలల్లో రజాకార్ల దాడుల్లో ఊళ్లు తగలబడ్డాయి. నిజామాబాదు కోటలోని జైలులో కవి దాశరథి కృష్ణమాచార్య బందీగా ఉండి గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశాడు. సైనిక చర్య వెంటనే పలు జిల్లాల్లో ముస్లింల మీద హత్యాకాండ జరిగింది. భారత ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. అత్యధికంగా దెబ్బతిన్నవిగా అది పేర్కొన్న నాలుగు జిల్లాల్లో నాందేడ్, బీదర్ నిజామాబాదుకు ఆనుకుని ఉన్నవే. ఆ నివేదికను దశాబ్దాల పాటు ప్రచురించలేదు. ఇద్దరు సేనానుల ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా, ఈ గోడనూ ఈ నివేదికనూ పక్కన పెట్టుకుని చదివితేనే 1948 సెప్టెంబరు అర్థమవుతుంది.

మీరు చేయవలసిన పని

మీ ఇంట్లో గానీ, ఇరుగుపొరుగు ఇళ్లలో గానీ, 1960కి ముందు తీసిన ఒక ఫోటో సంపాదించండి. యూనిఫాంలో ఉన్న మనిషిదే కానక్కరలేదు. శక్కర్‌నగర్ కార్మికుల బృందచిత్రం కావచ్చు, పెళ్లి ఫోటో కావచ్చు. 2015 చివరలో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ క్వార్టర్లు వదిలి వెళ్లిన కుటుంబాల దగ్గర ఇలాంటివి ఇంకా పెట్టెల్లో ఉంటాయి. ఫోటోను చట్రంలోంచి తీసి వెనుక వైపు చూడండి. స్టూడియో ముద్ర, చేతిరాత, తేదీ ఉంటే ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. ఉర్దూలో ఉంటే చదవగలిగిన పెద్దవారి చేత చదివించుకోండి. ఎవరు తీయించారు, ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరిని చట్రం బయట ఉంచారు అని ఇంట్లో వారిని అడిగి, వారు చెప్పినదాన్నీ ఫోటోలో కనిపించేదాన్నీ వేరు వేరుగా రాయండి. తరువాత ఆ ఫోటోకు నలభై మాటలకు మించకుండా వ్యాఖ్య రాసి, అసైన్‌మెంటుతో జతపరచండి. ఫోటో అసలు ప్రతిని పంపకండి. దాన్ని ఇచ్చినవారికి తిరిగి అప్పగించండి.